కాలువ మాట ఎవరూ ఎత్తలేదు

మార్లిస్ వంటింటి బల్ల మీద తెల్ల చిక్కుడు గింజలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. సొంత పొలంలో పండిన గింజలే. యంత్రంలో ఎంత జల్లించినా గింజ సైజు రాయి ఒకటి ఎక్కడో దాక్కునే ఉంటుంది. రేపటి సూపు కోసం నానబెట్టాలి. పొయ్యి పక్కన గోడకున్న ఫోను మోగింది.

అవతల ఎవరో ఆడమనిషి, అరిజోనా నుంచట. మీ ఆయన కోసం మా చర్చిలో అందరం ప్రార్థన చేశాం, ధైర్యంగా ఉండమనండి అంది. మార్లిస్ థాంక్స్ చెప్పి పెట్టేసింది. పొద్దున కాఫీ తాగే వేళ ఇంకొకాయన చేసి, మీ ఆయన లాంటివాళ్ళని జైల్లో వెయ్యాలి అన్నాడు. ఆయనకీ థాంక్సే చెప్పింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడినా చివర ఒక మంచి మాటతో ముగించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. 

ఇద్దరిలో ఒక్కరైనా కాలువ మాట ఎత్తలేదు. ఫోను పెట్టేశాక ఆమెకు ఒళ్ళు మండింది అందుకే.

ఉన్న సంగతంతా కాలువదే. మోరిస్సే కాలువ అంటారు దాన్ని. మార్లిస్ వాళ్ళ దిగువ పొలం గట్టున మొదలై, పక్కాయన పొలంలోంచి సాగి, ఏట్లో కలిసి, ఆ ఏటితో పాటు హ్యూరన్ సరస్సులోకి పోతుంది. మిషిగన్‌లో ఆ మూలంతా ఒకప్పుడు చిత్తడి నేల. ముత్తాతలు కాలువలు తవ్వి, నేల అడుగున గొట్టాలు పరిచి, నీళ్ళు పోయేలా చేసి పొలాలు చేసుకున్నారు. కాలువ పారితే అది పొలం, పారకపోతే చెరువు. అందుకే ఆ కౌంటీలో, అంటే జిల్లాలో, మురుగు కాలువల కమిషనర్‌ని కూడా ఓట్లేసి ఎన్నుకుంటారు.

మూడేళ్ళుగా మోరిస్సే కాలువ సరిగ్గా పారడం లేదు. పక్కాయన పొలంలో విల్లో చెట్ల వేళ్ళు కాలువలోకి దిగి అడ్డంగా అల్లుకున్నాయి, వాటి వెనక ఒండ్రు పేరుకుంది. వసంతంలో మంచు కరిగాక దిగువ పొలంలో నీళ్ళు నిలిచిపోతున్నాయి. మొలకెత్తిన చక్కెర దుంపలు అక్కడే కుళ్ళిపోతున్నాయి. మళ్ళీ విత్తడం, మళ్ళీ కుళ్ళడం. మార్లిస్ భర్త ఎల్డన్ ఆ మూడేళ్ళూ లవోన్‌కి చెబుతూనే ఉన్నాడు. లవోన్ ఆ కమిషనర్. ఎల్డన్‌తో ఒకే బడిలో చదివింది, ఒకే చర్చికి వెళ్తుంది. మార్లిస్, ఎల్డన్‌ల పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకుగా నిలబడింది లవోన్ మొగుడే, పాపం ఇప్పుడు లేడు. ఎల్డన్, లవోన్ ఇద్దరిదీ ఒకే పార్టీ. ఆ కౌంటీలో గెలవాలంటే రిపబ్లికన్ అయి తీరాలి, కాబట్టి అందులో పెద్ద విశేషం కూడా లేదు.

జనవరిలో టౌన్‌షిప్ హాల్లో, అంటే ఊరి పంచాయతీ గదిలో, కాలువల సమావేశం పెట్టారు. ఈ ఏడాది వేరే కాలువలు ముందున్నాయి, మోరిస్సే సంగతి వచ్చే ఏడు చూద్దాం అంది లవోన్. ఎప్పుడూ చివరి వరసలో టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చునే ఎల్డన్ ఆ రోజు లేచి ముందుకు నడిచాడు. ముందు బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"ఇన్నేళ్ళు మర్యాదగా అడిగాం. ఇక అడగం," అన్నాడు.

ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. వచ్చే వారం నేనే పొక్లెయిన్ అద్దెకు తెచ్చి ఆ వేళ్ళు పెకలిస్తా, కావాలంటే జరిమానా వేసుకో లవోన్, నువ్వే వచ్చి నిలబడి చూసుకో అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. లవోన్ కూడా నవ్వింది. ఆ రోజు ఆమెకు విపరీతమైన జలుబు. కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ, సరేలే కూర్చో ఎల్డన్, నీ కాలువని బోర్డుకి పంపిస్తాను అంది. బోర్డంటే పక్క ఊళ్ళ రైతులు ముగ్గురు. వాళ్ళొచ్చి చూసి, పూడిక తియ్యక తప్పదు అని చెబితే పని మొదలవుతుంది. అంటే ఎల్డన్ అడిగింది ఆ సాయంత్రమే దొరికింది.

ఊరిదాకా అది అక్కడితో అయిపోయిన సంగతి. కానీ ధాన్యం గోదాము దగ్గర రోజూ కాఫీ తాగే మగాళ్ళలో డెల్బర్ట్ అనే ఆయన అదంతా ఫోనులో తీశాడు. నలభై ఏళ్ళలో ఎల్డన్ గొంతు పెంచడం ఎవరూ వినలేదు కాబట్టి తీశాడు. "ఎల్డన్‌కి నోరుంది" అని పైన రాసి కాఫీ మిత్రులందరికీ పంపాడు. ఎల్డన్ ఎలాంటివాడో తెలిసినవాళ్ళకి అది కడుపుబ్బా నవ్వించే ముక్క. తెలియనివాళ్ళు కూడా చూస్తారని డెల్బర్ట్‌కి తట్టలేదు.

ఎవరో దాన్ని ఇంకెవరికో పంపారు. ఆ ఇంకెవరో రెండు చివర్లా కత్తిరించారు. పొక్లెయిన్ పోయింది, నవ్వులు పోయాయి. బల్ల చరుపు, "ఇక అడగం" అన్న మాట, మొహం తుడుచుకుంటున్న ఒక ఆడమనిషి, ఇంతే మిగిలాయి.

ఒక సాయంత్రం మార్లిస్ టీవీ ముందు ఇస్త్రీ బల్ల వేసుకుని నిలబడింది. ఒక చానెల్లో తన మొగుడు కనబడ్డాడు. కింద పట్టీ మీద "అధికారిణికి రైతు బెదిరింపు" అని రాసి ఉంది. నలుగురు మనుషులు నాలుగు చదరాల్లో కూర్చుని పల్లెటూరి మగవాళ్ళ కోపం గురించి మాట్లాడుతున్నారు. వాళ్ళలో ఒకావిడ ఆ పిడికిలి చూడండి అంది. ఎల్డన్ బొటనవేలు కోత యంత్రంలో నలిగిపోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ అతను పిడికిలి బిగించలేడు.

మార్లిస్ చానెల్ మార్చింది. అక్కడా ఎల్డనే. పట్టీ మీద "మేలుకున్న సామాన్యుడు" అని ఉంది, మూల నుంచి జెండా ఒకటి రెపరెపలాడుతోంది. రైతు నెత్తిన ఎక్కి కూర్చున్న ప్రభుత్వ యంత్రాంగం అంటున్నాడు అక్కడి పెద్దమనిషి. లవోన్ యంత్రాంగం అంటే కోర్టు భవనం నేలమాళిగలో ఒక గది, ఒక గుమాస్తా, ఒక చిన్న హీటరు. హీటరు కూడా ఆమె ఇంటినుంచి తెచ్చుకున్నదే.

లవోన్ ఏ పార్టీ అని ఎవరూ నోటితో అనలేదు కానీ, ఎల్డన్‌కి ఎదుటి పార్టీ అయ్యుంటుందని చూసేవాళ్ళు అనుకునేలా రెండు చోట్లా మాట్లాడారు. ఆ ఒక్క విషయంలో రెండు చానెళ్ళకీ తేడా లేదు. ఎల్డన్ వెనక గోడకి మోరిస్సే కాలువ పటం వేలాడుతోంది. దాన్ని మొదటి చానెల్లో పట్టీ కప్పేసింది, రెండో చానెల్లో జెండా కప్పేసింది.

మార్లిస్ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి కాసేపు ఊరికే చూసింది. అబద్ధం చెప్పారని పట్టుకుందామంటే ఒక్కటీ చేతికి చిక్కడం లేదు. బల్ల చరిచింది నిజమే. ఆ మాట అన్నదీ నిజమే. లవోన్ కళ్ళు తుడుచుకున్నదీ నిజమే.

ఇదివరకైతే కౌంటీకి ఒక వారపత్రిక ఉండేది. దాని విలేకరి ఒకాయన ప్రతి కాలువ సమావేశానికీ వచ్చి, ఆవులిస్తూనే రాసుకునేవాడు. ఎవరు ఏ గట్టున పూడిక తియ్యమన్నారో, ఎవరు వద్దన్నారో వరసగా అచ్చయ్యేది. ఆ పేజీ చదువుతుంటే నిద్ర ముంచుకొచ్చేది. పత్రిక మూతపడ్డప్పుడు ఊళ్ళో ఎవరూ పెద్దగా బాధపడలేదు. ఇప్పుడా నిద్ర ముంచుకొచ్చే పేజీ ఒక్కటి ఉంటే ఎంత బాగుండేదో అని మార్లిస్‌కి అనిపించింది.

డెట్రాయిట్ దగ్గర ఉండే చెల్లెలు రోజాలిన్ ఫోను చేసింది. ఆమె ఇంట్లో మొదటి చానెలే చూస్తారు. నాలుగు రోజులు మా ఇంటికొచ్చి ఉండకూడదూ అంది, గొంతు తగ్గించి. ఎందుకని అడిగితే, బావ ఇంట్లో ఎలా ఉంటున్నాడు అంది.

"ఎలా ఉంటాడే? సోఫాలో పడుకుని గురక పెడుతున్నాడు."

"నాతో దాచకు మార్లిస్."

"రోజాలిన్, నీ పెళ్ళిలో నీ కేకు మోసుకొచ్చింది ఆయన. ముప్పై ఏళ్ళ నుంచీ తెలిసిన మనిషి గురించి టీవీని అడుగుతావా?"

 మనుషులు మారతారుగా అంది రోజాలిన్. మార్లిస్ ఆమెకు మంచి మాట ఏదీ చెప్పకుండానే ఫోను పెట్టేసింది.

మర్నాడు రెండు చానెళ్ళకీ తనే ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు, మర్యాదగా, మొదట్నుంచీ చెబితే వాళ్ళు దిద్దుకుంటారని ఆమె నమ్మకం. ఊళ్ళో ఎవరి విషయంలోనైనా అలాగే జరుగుతుంది. మొదటి చానెల్లో ఒక అమ్మాయి ఓపిగ్గా వింది. విని, మీరు మీ ఆయనతో విభేదిస్తున్నారా మేడమ్ అని అడిగింది. లేదంది మార్లిస్. అయితే సమర్థిస్తున్నారా అంది అమ్మాయి. విల్లో వేళ్ళండీ, అవి కాలువలోకి దిగాయి అంది మార్లిస్. ఒక్క నిమిషం లైన్లో ఉండమని పాట పెట్టింది ఆ అమ్మాయి. పాట అయిపోయి మళ్ళీ మొదలైంది, మళ్ళీ అయిపోయింది.

రెండో చానెల్లో ఒకాయన చాలా ఆదరంగా మాట్లాడాడు. అంతా మీ ఆయన నోటే వింటే బాగుంటుంది కదమ్మా, నంబరు ఇవ్వండి అన్నాడు. మార్లిస్ ఎల్డన్ సెల్ నంబరు ఇచ్చింది. ఇక కాలువ సంగతి అందరికీ తెలుస్తుందని ఆ రోజు ఆమె మనసు కాస్త తేలికపడింది.

ఫిబ్రవరిలో పెద్ద నగరపు పత్రిక నుంచి టొబయస్ అనే కుర్రాడు వచ్చాడు. మంచులోకి పల్చటి బూట్లతో దిగాడు. మార్లిస్ అతనికి కాఫీ ఇచ్చింది, దాల్చిన చెక్క వేసిన ఆపిల్ కేకు పెట్టింది, ఎల్డన్ పాత బూట్లు తొడిగించి కాలువ దగ్గరికి తీసుకెళ్ళింది. వేళ్ళు ఎక్కడ అడ్డుపడ్డాయో చూపించింది. నీళ్ళు ఎంతవరకు నిలబడతాయో కంచె గుంజ మీద మరక చూపించి చెప్పింది. అతను అన్నీ రాసుకున్నాడు. మంచి పిల్లాడు, ఎదురు ప్రశ్న ఒక్కటి వెయ్యలేదు. అందుకే ఆమెకు అతని మీద ఆశ కలిగింది.

వ్యాసం వచ్చింది. చాలా పొడవుగా, చాలా చక్కగా రాశాడు. కేకు వాసన కూడా అందులో ఉంది. పూడుకుపోయింది కాలువ కాదు, ఒక దేశంలో మనుషుల మధ్య మాట అన్నాడు. విల్లో వేళ్ళు దుఃఖంలా నేలలోకి దిగాయి అన్నాడు. మార్లిస్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. కాలువ ఉంది కానీ అది తమ కాలువ కాదు. దుఃఖమూ లేదు ఏమీ లేదు, పక్కాయన చెట్లు కొట్టించలేదు, అంతే.

"ఏం రాశాడు?" అని అడిగాడు ఎల్డన్ బూట్లు విప్పుకుంటూ.

"మన కాలువంటే దేశమట," అంది.

ఎల్డన్ నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. ఆ మాట గురించే ఆలోచిస్తున్నట్టు ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఎల్డన్ మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాడు. కాఫీకి వెళ్ళడం మానేశాడు. వెళ్తే డెల్బర్ట్ వాళ్ళు, రారా నాయకా, మర్యాదగా అడుగుతున్నాం కాఫీ తాగుతావా అని ఏడిపించేవాళ్ళు. తరవాత ఆ రెండో చానెల్‌వాళ్ళు ఫోను చేశారు. ట్రాక్టర్ల షెడ్డులో కంప్యూటరు పెట్టుకుని నాలుగు నిమిషాలు మాట్లాడాడు. అటువైపు పెద్దమనిషి అతన్ని సార్ అన్నాడు. మీరు చెప్పండి సార్, దేశం వింటోంది అన్నాడు.

"కాలువ సంగతి చెప్పావా?" అంది మార్లిస్ అతను ఇంట్లోకి రాగానే.

"చెప్పబోయాను. టైము లేదు."

"నాలుగు నిమిషాలు మాట్లాడావుగా."

"వాళ్ళు అడిగింది అది కాదు మార్లిస్."

ఇంకోసారి పిలిచారు, తరవాత మరోసారి. ఎవరో "ఇక అడగం" అని అచ్చేసిన టీషర్టుల పెట్టె పంపారు. అందులో ఒకటి వేసుకుని ఎల్డన్ గోదాముకి వెళ్ళాడు. ఈసారి ఎవరూ ఏడిపించలేదట. ఆ సంగతి ఇంటికొచ్చి అతనే చెప్పాడు, గొప్పగా చెప్పాడు. ఎవరూ ఏడిపించలేదు అంటే, అతను అక్కడున్నంతసేపూ ఎవరూ సరిగ్గా మాట్లాడలేదని మార్లిస్‌కి అర్థమైంది. అతనికి అర్థం కాలేదు.

అతని మీద కోపం తెచ్చుకుందామంటే పూర్తిగా రావడం లేదు. మూడేళ్ళు భోజనాల దగ్గర కాలువ, కాలువ అని అతను చెబుతుంటే ఎవరు విన్నారు? లవోన్ రాసుకుని పక్కన పెట్టింది. పక్కాయన తల ఊపాడు. తను బంగాళాదుంపల గిన్నె అతని వైపు జరిపింది. ఇప్పుడు ఎవరో సార్ అని పిలిచి, చెప్పండి అంటున్నాడు. కాకపోతే ఆ చెప్పేదేదో వాళ్ళే ముందుగా అనుకుని పెట్టుకున్నారు. పెళ్ళయినప్పటి నుంచీ అతని నోటినుంచి రాని మాటలు ఇప్పుడు వస్తున్నాయి. యంత్రాంగం, పెత్తనం, మేలుకొలుపు. ఉప్పు అందుకోమని అడిగేటప్పుడు కూడా గొంతు కాస్త బరువుగా పెడుతున్నాడు.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం లవోన్ వచ్చింది. కోటు విప్పకుండానే కూర్చుంది. మార్లిస్ కాఫీ పోస్తుంటే ఎల్డన్ వైపు చూసి అంది.

"ఎవరో ఒకాయన నన్ను నియంత అన్నాడయ్యా ఎల్డన్. ఇంకొకావిడ నన్ను నీ బాధితురాలంది. మా గుమాస్తా నా మాట వినదు, నేను నియంతనట."

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురు కలిసి నవ్వి చాలా రోజులైంది. తరవాత లవోన్ నవ్వు ఆపి అసలు సంగతి చెప్పింది. బోర్డులో ముగ్గురికీ ఊరూ పేరూ లేని ఫోన్లు వస్తున్నాయి. పూడిక తియ్యాలి అంటే, బెదిరిస్తే లొంగిపోయారని ఒకరు తిడతారు. వద్దంటే, రైతు నోట మట్టి కొట్టారని ఇంకొకరు తిడతారు. ఒకామె ఇంటి ముందు ఎవడో కారాపి ఫొటోలు తీసుకున్నాడు. ఇద్దరు రాజీనామా చేస్తామన్నారు. లవోన్ కాళ్ళావేళ్ళా పడితే ఒక్కదానికి ఒప్పుకున్నారు. గురువారం సాయంత్రం ఆరింటికి టౌన్‌షిప్ హాలు, కెమెరాలు ఉండవు. ఎల్డన్ వచ్చి, ఇది కాలువ గురించే, ఇంకేమీ కాదు, బోర్డువాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళకండి అని తన నోటితో చెప్పాలి. చెబితే అక్కడికక్కడే తేల్చేస్తారు.

"పొక్లెయినాయన సిద్ధంగా ఉన్నాడు," అంది లవోన్. "కానీ వచ్చే వారం మంచు కరిగి రోడ్లు మెత్తబడతాయి. ఆ తరవాత బరువు బళ్ళు రోడ్డెక్కనివ్వరు. ఈ గురువారం కాకపోతే ఇక వేసవిలోనే."

వేసవిలో పూడిక తీసి ఏం లాభం? మేలో నీళ్ళు నిలబడ్డాక దిగువ పొలం ఈ ఏడాదికీ పోయినట్టే. ఇంకో ఏడు పోతే ఆ పొలం చేతిలో ఉంచుకోలేమని భార్యాభర్తలు ఇద్దరికీ తెలుసు. పైకి ఎప్పుడూ అనుకోలేదు.

ఎల్డన్ బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ఒక్క కాలువ గురించి కాదు లవోన్," అన్నాడు మెల్లగా.

"నాతో కూడా అలాగే మాట్లాడతావా? మూడేళ్ళు ఫోను చేసి నా ప్రాణం తీసింది దేని గురించి? నీ పొలం ఏ వైపు వాలుగా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను నేను."

అతని మొహం ఎర్రబడింది. వస్తానులే అన్నాడు. లవోన్ అతని భుజం తట్టి లేచింది. కారు దాకా సాగనంపడానికి వచ్చిన మార్లిస్‌తో, పొలం కాగితాల్లో నీ పేరు కూడా ఉందిగా, నువ్వూ రా, ఇంటివాళ్ళలో ఎవరు చెప్పినా చెల్లుతుంది అంది. నేనా, నలుగురిలో నేనేం మాట్లాడతాను అంది మార్లిస్. చర్చిలో ప్రకటన చదవమంటేనే ఆమె ఆ కాగితం పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది. లవోన్ కారు వెళ్ళాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది. అయినా అతను వస్తానన్నాడు కదా, ఎల్డన్ ఒక మాట అన్నాక తప్పడు.

గురువారం భోజనం తొందరగా పెట్టింది. ఎల్డన్ గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మార్లిస్ సంతోషపడింది. అంతలో అతను ముందుగదిలోకి వెళ్ళి, కిటికీ తెర లాగి, నిలువు దీపాన్ని కుర్చీ ఎదురుగా జరపడం కనిపించింది. కంప్యూటరు కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టాడు.

"ఏంటిది?"

"ఆరింటికి మాట్లాడమన్నారు. ఆ చానెల్ పెద్దాయన ప్రోగ్రామ్, లైవ్. మధ్యాహ్నం చెప్పారు."

"ఆరింటికి హాల్లో ఉండాలి మనం."

"పావుగంటే మార్లిస్. అవగానే బయల్దేరదాం. వాళ్ళు ఆగుతారు."

"వాళ్ళు ఆగరు. వణుక్కుంటూ వస్తున్నారు వాళ్ళు. నువ్వు టీవీలో ఉన్నావని తెలిస్తే అసలు రారు. తరవాత మాట్లాడతానని చెప్పు."

"లైవ్‌ని తరవాతకి ఎలా మారుస్తారు?"

"పోనీ ఇవాళైనా టీవీలో కాలువ సంగతి చెబుతావా? చెబితే అదే చాలు. లవోన్‌కి నేను ఫోను చేసి టీవీ పెట్టమంటాను."

అతను దీపం ఎత్తు సరిచేశాడు. ఆమె మళ్ళీ అడిగింది.

"దేశమంతా చూస్తుంది ఇది," అన్నాడు. "దేశానికి ఒక మూల పొలంలో ఉన్న కాలువతో ఏం పని?"

"అదే కదా నేను మొదట్నుంచీ ఏడుస్తున్నది. మన కాలువతో వాళ్ళకేం పని? మరి వాళ్ళతో మనకేం పని?"

ఎల్డన్ ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో కోపం లేదు. ఎవరో కొత్త మనిషికి అర్థమయ్యేలా చెప్పాలన్నట్టు నిదానంగా అన్నాడు.

"మార్లిస్, నేను మాట్లాడుతుంటే వింటున్నారు."

 నేను వింటాను అనవచ్చు. అది ఇప్పుడు అంటే ఎంత ఆలస్యమో తనకే తెలుసు. కంప్యూటరు తెర వెలిగింది. ఎవరిదో గొంతు, రెండు నిమిషాల్లో మీరే సార్, ఇంట్లో చప్పుడు కాకుండా చూసుకోండి అంది. ఎల్డన్ కుర్చీలో నిటారుగా కూర్చుని కాలరు సర్దుకున్నాడు.

మార్లిస్ వంటింట్లోకి వచ్చింది. గోడ గడియారం ఆరుకి దగ్గరపడింది. హాలుకి కారులో పది నిమిషాలు పడుతుంది. అక్కడ లవోన్ ఒక్కతే ముందు బల్ల దగ్గర కూర్చుని తలుపు వైపు చూస్తూ ఉంటుంది. బోర్డువాళ్ళు ముగ్గురూ కోట్లు విప్పకుండా, ఎప్పుడు లేచి వెళ్ళిపోదామా అని ఉంటారు.  కుళాయి తిప్పి గ్లాసుడు నీళ్ళు తాగింది. ఏం చెప్పాలో లోలోపల అనుకుని చూసుకుంది. పక్కాయన పొలంలో విల్లో చెట్లున్నాయి. వాటి వేళ్ళు కాలువలోకి దిగాయి. నీళ్ళు కంచె గుంజ మరకదాకా వస్తాయి. ఇది కాలువ గురించి. రెండో మాట దగ్గరే తడబడింది. మళ్ళీ మొదట్నుంచీ అనుకుంది.

గుమ్మం దగ్గరికి వెళ్ళి ముందుగదిలోకి చూసింది. దీపం వెలుగులో ఎల్డన్ మొహం తెల్లగా, నున్నగా ఉంది. అటువైపు పెద్దమనిషి అతని పేరు చెప్పి, స్వాగతం సార్ అంటున్నాడు. ఎల్డన్ థాంక్యూ అన్నాడు, ఆ బరువైన గొంతుతో. మార్లిస్ చెయ్యి ఎత్తింది. తను హాలుకి వెళ్తున్నానని చెబుదామనో, ఇంకోసారి పిలిచి చూద్దామనో, ఆమెకే సరిగ్గా తెలియదు. ఎల్డన్ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆమె చెయ్యి దించేసింది. కొక్కేనికి ఉన్న కోటు తీసి తొడుక్కుంది. కారు తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ముందుగదిలో ఎల్డన్ ఏదో చెబుతున్నాడు. మార్లిస్ వెనక తలుపు తెరిచి, ఒక్క మాటైనా అనకుండా, బయటికి వెళ్ళిపోయింది.